చదివి వినిపించని కథనం

పొద్దున ఆరున్నర దాటినా చలపతిరావు వాకింగ్ బూట్లు వేసుకోలేదు. భార్య పద్మావతి కాచిన అల్లం టీ ఫ్లాస్కులో నిండుగా వంటింటి గట్టు మీదే ఉంది. ప్రగతి నగర్ చెరువు చుట్టూ తనతో నడిచే ఏడుగురు మిత్రులకు పదేళ్లుగా ఆ టీ ఆయనే పోస్తున్నాడు.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?"

"నీ కూతుర్ని అడుగు."

ఐడీ కార్డు మెడలో వేసుకుంటున్న సంయుక్త ఆగిపోయింది. మాదాపూర్‌లో ఒక వ్యాపార పత్రికలో విలేకరి ఆమె. చదివింది మాత్రం మానవశాస్త్రం. అదేం చదువని చుట్టాలంతా నవ్వినప్పుడు నవ్వకుండా ఫీజు కట్టింది తండ్రి ఒక్కడే. ఆ చదువే ఇప్పుడు ఆమెకు పేరు తెచ్చింది. మిగతా విలేకరులు కంపెనీల లెక్కలు చూస్తారు. ఆమె ఆ లెక్కలు నమ్మిన మనుషుల దగ్గర కూర్చుంటుంది.

ఆదివారం ఆమె కథనం అచ్చయింది. పునాది తియ్యకముందే ఫ్లాట్లు అమ్ముకుని బోర్డు తిప్పేసిన ఒక బిల్డర్ గురించి. చెరువు గట్టున టీ పోసే ఒక రిటైర్డ్ ఉద్యోగి, పాపం అమాయకుడు, తాను నమ్మి ఏడుగురిని నమ్మించాడని రాసింది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

"పేరు మార్చాను కదా నాన్నా."

"ఫ్లాస్కు మార్చావా?"

సంయుక్త చూపు ఫ్లాస్కు మీదికి వెళ్లింది.

"నిన్న సోమేశ్వరరావు కప్పు పుచ్చుకోలేదు. మమ్మల్ని గొర్రెల్ని చేసి బాగా రాసిందయ్యా మీ అమ్మాయి, అన్నాడు. నేను ఏ మొహం పెట్టుకుని వెళ్లనే?"

"నిజమే కదా రాసింది."

"సిరిసిల్ల మగ్గాలోళ్ల గురించి రాసినప్పుడు మళ్లీ బస్సెక్కి వెళ్లి వాళ్లకు చదివి వినిపించావు. వాళ్ల బతుకు వాళ్లు వినకుండా అచ్చెయ్యకూడదు అన్నావు. సిరిసిల్లకు బస్సుంది. నీ గదిలోంచి హాల్లోకి లేదా?"

ఆమె మర్చిపోలేదు. చదివితే వద్దంటాడని చదవలేదు. పరాయివాళ్లకు ఇచ్చిన మర్యాద, తనను చదివించినవాడికి ఎగ్గొట్టింది. మెడలో కార్డు బరువెక్కినట్టు తీసి బల్ల మీద పడేసింది. పేపర్ తెచ్చి, మగ్గాల దగ్గర కూర్చున్నట్టే నేల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

'అమాయకుడు' దగ్గర తండ్రి చెయ్యెత్తాడు.

"ఆ మాట కొట్టెయ్."

"ఎందుకు?"

ఆయన గోడ వైపు తిరిగాడు. "మనిషిని తెచ్చినప్పుడల్లా మన ఫ్లాట్ ధర కొంత తగ్గిస్తానన్నాడు ఆ బిల్డర్. ఏడుగురిని తెచ్చాను. వాళ్లకు చెప్పలేదు. మీ అమ్మకూ చెప్పలేదు."

వంటింటి గుమ్మంలో పద్మావతి నిలబడిపోయింది. "ఆ టీ రోజూ నాచేత కాయించారండీ," అంది.

సంయుక్త కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరి దగ్గరా కూర్చుని విన్నది. ఈ ఒక్క మనిషిని అడగకుండానే తెలుసనుకుంది. "ముందే చదివి ఉంటే చెప్పేవాడివా నాన్నా?"

"ఏమో. నువ్వు అడగలేదుగా."

కాసేపటికి ఆయన బూట్లు వేసుకున్నాడు. "పద. ముందు నేను చెప్తాను. తర్వాత నువ్వు చదువు."

ఫ్లాస్కు పద్మావతి తీసుకుంది. "కాచింది నేను. పోసేదీ నేనే."

చెరువు గట్టున బెంచీల మీద ఏడుగురూ ఉన్నారు. చలపతిరావు కూర్చోకుండా, చేతులు కట్టుకుని అంతా చెప్పాడు. ఆ తర్వాత సంయుక్త, తండ్రి కొట్టెయ్యమన్న 'అమాయకుడు'తో సహా, మొదటినుంచీ చదివింది. "మీకు చదవకుండా అచ్చేశాను. తప్పు నాది కూడా," అంది.

పద్మావతి పోసిన కప్పు ఎవరూ అందుకోలేదు.

"ఆ బిల్డర్ మీద కేసు పెట్టాలంటే నువ్వూ సంతకం చెయ్యాలి, చలపతీ," అన్నాడు చివరికి సోమేశ్వరరావు. "ఇప్పుడు చెప్పిందంతా అందులో రాయాలి."

"రాస్తాను."

సోమేశ్వరరావు అతనికి చోటిస్తూ బెంచీ మీద కాస్త పక్కకు జరిగాడు.