ఒక్క దెబ్బకు ఆగిన హాలర్ సదానందం

గోదావరిఖని పాత బొందలగడ్డకు పొద్దుమూకినంక ఎవ్వలు పోరు. బొగ్గుబాయిల పానం పోయినోళ్ళు ఇంకా డ్యూటీ దిగలేదట... సమాధుల నడుమ ఠక్ ఠక్‌మని సిగ్నల్ కొడుతనే ఉంటరట.

నేనైతే ఛాయ్ హోటల్ల నలుగురిని కూసోబెట్టి, "దెయ్యాలా? ఇరవై ఎనిమిదేండ్లు భూమి లోపట పని చేసినోన్ని. నన్ను జూసి అవే పక్కకు జరగాలె!" అన్న.

గా నోరే నన్ను అక్కడికి తోలింది.

సంగతేందంటె — బొందలగడ్డ మీదికెళ్ళి రోడ్డు వస్తుంది. పేరున్న సమాధులను తెల్లారి కొత్త జాగకు తీస్తరు. పేరు లేనియి రోడ్డు కిందికే. మా నాయిన రాజలింగు సమాధికి పేరు లేదు. ముప్పై ఏండ్ల సంది "వచ్చే నెల రాయిస్త" అంటున్న. ఆఖరి దినం గూడ ముచ్చట్లల్లనే పొద్దుమూకింది. పెయింటు డబ్బా, బ్రష్షు పట్టుకొని బయలెల్లితె, మా ఇంటిది శోభ నన్ను జూసి నవ్వింది. ఎందుకో అడుగలె.

లోపలికి పోయిన. సమాధుల మీద సిమెంటు హెల్మెట్లు. ఒకదాని మీద అసలు క్యాప్‌లైటే బిగించిండ్రు. గోడ అవతల ఖబ్రస్తాన్... అటు సప్పుడే లేదు.

బాయిల కూలీల మీద పెత్తనం జేసిన పెద్ద సర్దారు సమాధి పక్కనే నాయినది. గంతవరకు యాదికుంది. పక్కన ఒక ఉత్త బండ. ఇదే అనుకొని బ్రష్షు ముంచి ఎత్తిన...

ఠక్.

ఆగిన. భయపడి కాదు! తాడుతోని బొగ్గు టబ్బులు గుంజే హాలర్ నడిపినోన్ని నేను. కింద నుంచి ఒక్క దెబ్బ కొట్టిండ్రంటె ఆపాలె. ఆపకుంటె కింద మనిషి పోతడు. గది నా ఒంట్లకు ఇంకిపోయింది. ఎత్తిన బ్రష్షు ఎత్తినట్టే ఉంది... పెయింటు మోచేతి దాక కారుతుంది... దోమలు కుడుతున్నయి.

"ఎవలన్న గానీ... ఇంకో దెబ్బ కొట్టుండ్రి," అని గొణిగిన.

ఠక్... ఠక్.

రెండు! రెండంటె — కిందికి దింపు.

బొందలగడ్డల కిందికంటె... ఎక్కడికి?

సర్దారు సమాధి ఎనుక, నేలల నుంచి పసుపు ఎల్తురు లేస్తుంది. బండను కావలిచ్చుకొని కూలబడ్డ.

"నాయినా... నన్ను దింపొద్దని చెప్పు నాయినా!"

ఎల్తురు వచ్చి నా మొకం మీద పడ్డది.

"సదానందం భాయ్? గా బండను పట్టుకొని ఏడుస్తున్నవేంది?"

జలాలుద్దీన్! బాయిల ఎలక్ట్రీషియన్ పని చేసి, రిటైరైనంక రాళ్ళ మీద పేర్లు చెక్కుతడు. నెత్తిన లైటు, చేతిల ఉలి, సుత్తె.

"గీ చీకట్ల నీకేం పని జలాల్ భాయ్?"

"తెల్లారేసరికి పదకొండు పేర్లు కావాలె. ఆఖరిది మీ నాయినదే. శోభ భాభీ మొన్ననే చెప్పింది — మా ఆయన నోటితోనే రాస్తడు, చేతితోని రాయడు అని."

"మరి... ఇది?"

"ఇది కాదు. మీ నాయినది సర్దారుకు అవతలి పక్క. ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాసకు భాభీ అక్కడ్నే కదా కల్లు పోస్తది. నువ్వు గేటు కాడ్నే ముచ్చట్లు పెడ్తవ్, నీకేం ఎరుక?"

"గట్లయితె ఇది ఎవలది?"

"ఎవ్వలకు తెల్వది. అడిగేటోళ్ళు రాలె. తెల్లారితె రోడ్డు కిందికే."

గింతసేపు నాయినా నాయినా అని ఈయన మీద పడి ఏడ్చిన. ఇప్పుడు నువ్వు కాదని లేచి పోవుడెట్ల?

జలాల్ లైటు పట్టిండు. వంకరటింకరగ, బండ నిండ ఒక్కటే మాట రాసిన — పెద్దనాయిన.

తెల్లారి సర్వే సారు వచ్చి, వంగి చదివిండు. "పేరేది? ఎవరికి పెద్దనాయన?"

శోభ నవ్వు ఆగక నోట్లె కొంగు కుక్కుకుంది.

"నాకే సార్," అన్న.