సీతాఫలం స్టాంపులో ఖాళీ మూల

నళిని మెట్లెక్కి వచ్చిన తీరు చూసి కిషన్ కుర్చీలోంచి లేచాడు. నాంపల్లి స్టేషన్ ఎదుటి మేడ మీదున్న డిటెక్టివ్ వామన్‌రావు ఆఫీసుకు ఏడుస్తూ వచ్చేవాళ్లు కొత్త కాదు. ఈ అమ్మాయి మాత్రం ఏడుపు దిగమింగుకుని కోపంగా వచ్చింది. అలాంటి కేసులంటే అసిస్టెంటు కిషన్‌కు ఎక్కడలేని హుషారు.

నళిని బట్టల డిజైన్లు గీస్తుంది. కొత్త తరహా వస్త్రాలు అనే అంశంపై తపాలా బిళ్ళలు రానున్నాయని విని, కోసిన సీతాఫలం చెక్కలను వరసగా పేర్చి ఒక బొమ్మ వేసింది. అబిడ్స్‌లోని స్టాంపుల సంఘం దాన్నే ఎంపిక చేసింది. ఆ సాయంత్రం ఢిల్లీకి పంపాలి. తీరా పొద్దున బట్టల వర్తకుడు ప్రహ్లాద్ అదే బొమ్మ ఉన్న అచ్చు చీర పట్టుకొచ్చి, ఇది తన దుకాణంలో ఎప్పటినుంచో ఉందని, పిల్ల దొంగిలించిందని సంఘంలో రభస చేశాడు.

“స్టాంపు పోతే పోనీ సార్. దొంగ అన్న పేరు పడితే ఈ ఊర్ల నాకు పని ఎవరిస్తరు?” అంది నళిని.

బొమ్మ ఎవరెవరి చేతులు మారిందని వామన్‌రావు అడిగాడు. ఆమె రంగులు వేసి, అక్షరాలు రాయమని సైన్‌బోర్డుల రాధాకృష్ణమూర్తికి ఇచ్చింది. ఆయన దగ్గర్నుంచి అది నేరుగా సంఘం కార్యదర్శి అమరేశ్వరరావు బీరువాలోకి చేరింది. తాళంచెవి కార్యదర్శిదే కాబట్టి దొంగ ఆయనేనని కిషన్ మనసులో తీర్మానించేసుకున్నాడు.

ముందు ప్రహ్లాద్ దుకాణానికి వెళ్లారు. వామన్‌రావు చీర పరిపించి చాలాసేపు చూశాడు. చీర బాగానే ఉంది గానీ, ప్రతి గడిలోనూ కుడివైపు పైమూల బోసిగా, పన్నూడిన నోరులా ఉంది. ఆ మాటే కిషన్ పైకి అనేశాడు.

“ఔ, ఆడోళ్లు గదే అడుగుతున్రు,” అన్నాడు ప్రహ్లాద్. “అచ్చేసెటోడు నింపుతనన్నడు. డిజైన్ ఎట్లుంటే గట్లనే వెయ్యమన్న.”

వామన్‌రావు కళ్లు మెరిశాయి. గురువుగారి కళ్లు అలా మెరిశాయంటే కేసు తేలినట్టేనని కిషన్‌కు తెలుసు. ఎలా తేలిందో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

సాయంత్రం సంఘం హాల్లో అందరూ కూర్చున్నారు. అమరేశ్వరరావు బీరువాలోంచి బొమ్మ తీశాడు. కుడివైపు పైమూలలో ‘15 నయా పైసలు’ అని ముత్యాల్లాంటి అక్షరాలున్నాయి.

“మీకు అందినప్పుడే అక్షరాలున్నయా?” వామన్‌రావు అడిగాడు.

“ఉన్నాయండీ. అవి లేనిదే మేం తీసుకోం,” అన్నాడు కార్యదర్శి.

“నేనేం చేశానండీ? పని తెమలక కొన్నాళ్లు నా దగ్గరుంచుకున్నాను, అంతే,” అన్నాడు రాధాకృష్ణమూర్తి. ఆయన్ని ఇంకా ఎవరూ ఏమీ అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే.

వామన్‌రావు చీరను బొమ్మ పక్కన పరిచాడు. “స్టాంపు గీసెటోళ్లు ధర కోసం ఒక మూల ఖాళీగ వదుల్తరు. చీర మీద ధర ఎవరు అచ్చేస్తరు ప్రహ్లాద్ సేట్? మరి మీ చీరలో గా జాగ ఎందుకున్నది?”

ఆయన తీరిగ్గా విడమరిచాడు. చీర స్టాంపు బొమ్మకు నకలు. అదీ అక్షరాలు పడకముందు తీసిన నకలు. అక్షరాల్లేని బొమ్మ నళిని చేయి దాటాక ఉన్నది ఒక్క మూర్తి ఇంట్లోనే.

మూర్తి తల దించుకున్నాడు. ఆ బొమ్మ ఎలాగూ నెగ్గదనుకుని, దాని నకలు తీసి, తన సొంతమని చెప్పి ప్రహ్లాద్‌కు అమ్మేశానని ఒప్పుకున్నాడు. ప్రహ్లాద్ అది నమ్మి, తన మాట నెగ్గించుకోవడానికి ‘ఎప్పటినుంచో’ అని అబద్ధం జోడించాడు. పరువు పోతుందేమోనని ఇప్పుడు అతనికి భయం పట్టుకుంది. నళినికి చేతులు జోడించి, దుకాణంలోని చీరలన్నీ ఏం చెయ్యాలని బేలగా అడిగాడు.

నళిని తన సంచిలోంచి కుంచె, రంగు తీసి, చీర మీది ఒక ఖాళీ మూలలో నల్లటి గింజ వేసింది. బోసిగా ఉన్న గడి నిండుగా కళకళలాడింది.

“గింజ లేని సీతాఫలం ఎక్కడుంటది సేట్?” అంది. “అన్నిట్ల గిట్లనే వేయించుండ్రి. కొంగు మీద నా పేరు కూడ వెయ్యుండ్రి.”