పుచ్చకాయ పాసు

"ఇంకొక్కసారి విసురమ్మా దీవెనా," అంది డాక్టర్ హైమావతి, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

దీవెన రెండు చేతులకూ భుజాల దాకా నల్లటి తొడుగులున్నాయి. నుదుటికి వెడల్పాటి పట్టీ ఉంది. బాస్కెట్‌బాల్ అందుకుని, ఎదురుగా ఉన్న ల్యాబ్ అసిస్టెంట్ వైపు వదిలింది. బంతి వెళ్లి అతని అరచేతుల్లో చప్పుడు లేకుండా కూర్చుంది.

మూలన స్టూలు మీదున్న దీవెన తల్లి కరుణమ్మకు నవ్వాగలేదు. ఇన్ని వైర్లు చుట్టి, ఇంతమంది చదువుకున్నవాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నది తమ పండ్ల మార్కెట్‌లో రోజూ జరిగే పనే!

బెజవాడ లారీలకు డ్రైవర్లు పోయి అప్పటికి పదేళ్లు. లారీలు వాటంతటవే వచ్చి మార్కెట్‌లో ఆగేవి. పుచ్చకాయలు దించడానికి మాత్రం మనుషులే దిక్కు, ఎందుకంటే యంత్రాల ఇనప చేతులు పట్టిన ఇరవై కాయల్లో ఒకటి పగిలేది. లారీ నుంచి కొట్టు దాకా ఆడవాళ్లు వరసగా నిలబడి కాయను ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి విసిరేవారు. ఆ వరసకు ఒకటే నియమం. అవతలి మనిషి చేతులు చాపి నీ కళ్లల్లోకి చూసేదాకా కాయ వదలకూడదు. చూసిందా, ఇక ఆపకూడదు.

ఇరవై ఆరేళ్లుగా కరుణమ్మ ఆ వరసలోనే ఉంది. బడి సెలవుల్లో దీవెన కూడా పక్కన నిలబడేది. డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పే పి.డి. నాంచారయ్య ఒక ఎండాకాలం కాయ కొందామని వచ్చి, ఆ పిల్ల విసురు చూసి, కాయ సంగతే మరిచిపోయి ఇంటికెళ్లాడు. మర్నాడే వచ్చి కాలేజీలో చేర్చాడు. ఇప్పుడు దీవెన ఫైనలియర్. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలే. తను వేసే బాస్కెట్లు తక్కువే. అయినా ఆమె బంతి ఇచ్చిన వాళ్లెవరూ జారవిడవరు. పేపర్లవాళ్లు దానికి పుచ్చకాయ పాసు అని పేరు పెట్టారు. ఆ ముక్క కత్తిరించి కరుణమ్మ ఇంట్లో అద్దం పక్కన అంటించుకుంది. తల దువ్వుకున్నప్పుడల్లా ఒకసారి చదువుకునేది.

"ఇంతకీ ఇదేం చేస్తది డాక్టరమ్మా?" అని తొడుగు చూపిస్తూ అడిగింది కరుణమ్మ.

హైమావతి కుర్చీ ఇటు తిప్పింది. "మనం చేయి ఎత్తాలనుకోగానే మెదడు నుంచి సన్నటి కరెంటు నరాల్లోంచి కండరానికి వస్తుందండీ. ఏ కండరానికి ఎప్పుడు ఎంత వచ్చిందో ఈ తొడుగులోని సెన్సర్లు రాసుకుంటాయి. కళ్లు ఎటు చూశాయో పట్టీ రాసుకుంటుంది. తర్వాత ఈ తొడుగు ఇంకొకరికి వేస్తే, అదే కరెంటును వాళ్ల కండరాలకు ఇస్తుంది. నలభై గంటలు చాలు. ఆ తర్వాత తొడుగు తీసేసినా చేయి మరిచిపోదు."

"అయితే మా అమ్మాయికి పదేళ్లకి వచ్చింది ఇంకోళ్లకి నలభై గంటల్లో వచ్చేస్తదన్నమాట."

"అంతే. మీ అమ్మాయి ఒప్పుకుని సంతకం పెడితేనే."

వాళ్ల వెంట వచ్చిన నాంచారయ్య అడ్డుపడ్డాడు. "వద్దు చెల్లెమ్మా! రేపు ప్రతి కాలేజీ ఈ తొడుగులు కొంటది. మనకేం మిగులుద్ది?"

దీవెన తల్లి ముఖంలోకి చూసింది.

"వరసలోకి కొత్తగా వచ్చిన మనిషిని ఎక్కడ నిలబెడతాం సారూ? బాగా చేతనైన ఇద్దరి మజ్జిన. పని దాచుకుంటే కాయ పగిలేది మన కాళ్ల దగ్గరే గదా," అంది కరుణమ్మ. "ఇచ్చెయ్యవే."

దీవెన సంతకం పెట్టింది.

నాలుగు నెలల తర్వాత విశాఖలో రాష్ట్ర కాలేజీల ఫైనల్. గెలిచిన జట్టులోంచి ఒక్కరికి దేశపు యూనివర్సిటీ జట్టులో చోటు దొరుకుతుంది. దీవెనకు ఇదే ఆఖరి ఏడు, ఇది తప్పితే ఇంకో అవకాశం లేదు. ఎదుటి జట్టు సాగరతీర్థ కాలేజీ. వాళ్ల అమ్మాయిలు ఒక్కొక్కరూ దీవెన కన్నా జానెడు ఎత్తు. పైగా అందరూ నలభై గంటలు తొడుగు వేసుకుని వచ్చినవాళ్లే.

ఆట మొదలైన పది నిమిషాలకే కరుణమ్మ గుండె జారిపోయింది. కోర్టు నిండా దీవెనలే! ఎవరు విసిరినా అదే మెత్తదనం, అదే ఒడుపు. సగం ఆట దగ్గరపడేసరికి దీవెన జట్టుకు ఇరవై నాలుగు, వాళ్లకు ముప్ఫై ఎనిమిది. చేజేతులా కూతురి నోటికాడి కూడు తీసేశాననుకుని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరోజు పెద్ద దాతలాగా మాట్లాడిన తన నోటిని తనే తిట్టుకుంది.

అప్పుడొక వింత జరిగింది. వెనక్కి పరిగెడుతున్న దీవెన, బంతితో వస్తున్న సాగరతీర్థ కెప్టెన్ లాస్యకు ఎదురుపడి, అలవాటుగా చేతులు చాపి ఆమెను చూసింది. లాస్య బంతిని మెత్తగా తెచ్చి దీవెన చేతుల్లో పెట్టింది. జనం గొల్లున నవ్వారు. లాస్య తన చేతుల వంక తెల్లబోయి చూసుకుంది.

కరుణమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు వదిలి ముందుకు వంగి, ఈసారి బంతిని కాదు, ఆ పిల్లల కళ్లను చూసింది. బంతి దొరకగానే ఒక్కొక్కరూ చూపు కోసం వెతుకుతున్నారు. తోటి పిల్ల ఖాళీగా ఉన్నా, తమ వైపు చూడకపోతే చేయి కదలడం లేదు. చూపు కలిసిందా, ఆగడం లేదు. ఇరవై ఆరేళ్లుగా తెలిసిన వరసే అది!

హాఫ్‌టైమ్‌లో ఆమె జనాన్ని తోసుకుంటూ బెంచీ దగ్గరకు దిగింది. దీవెన తలెత్తలేదు.

"అమ్మా, అయిపోయిందే. ఇంటికెళ్లిపోదాం."

"నోర్ముయ్. నా మాట ఇను. బంతికి అడ్డం పడి ఎగరమాక. కాయ అందుకునే మనిషిలాగా నిలబడు. చేతులు చాపు, కళ్లల్లోకి చూడు. ఇచ్చేస్తారు."

"నేను వాళ్ల టీమ్ కాదుగా!"

"నీకు తెలుసు. ఆ చేతులకి తెలవదు."

నాంచారయ్య చప్పట్లు కొట్టి జట్టును పిలిచాడు. తర్వాత తన అయిదుగురినీ గుండ్రంగా నిలబెట్టి, చేతులు ఎలా చాపాలో కరుణమ్మ చేత చూపించాడు.

రెండో సగంలో జరిగింది విశాఖ జనం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. దీవెన జట్టువాళ్లు ఎవరి మీదా పడలేదు, ఎవరినీ నెట్టలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు ఎదురెళ్లి, చేతులు చాపి, నిండుగా చూసేవారు. బంతి వచ్చేది. లాస్య చివరికి కళ్లు నేలకు దించుకుని ఆడింది. చూపు లేకపోతే చేయి కదలదు కదా, పట్టుకున్న బంతితో అలాగే నిలబడిపోయింది. మరి దీవెన ఎందుకు మోసపోలేదంటే, ఆమె చూపు కలిశాక ఆ మనిషెవరో కూడా చూసేది. ఆ రెండో సంగతి నుదుటి పట్టీకి చిక్కలేదు.

అరవై మూడు, యాభై ఎనిమిది. దీవెన గెలిచింది. దేశపు జట్టుకు మైకులో ఆమె పేరు చదివినప్పుడు కరుణమ్మ లేచి నిలబడి, "మా అమ్మాయే, మా అమ్మాయే," అని ముందు వరసకూ వెనక వరసకూ చెప్పింది. ఇన్నేళ్లలో ఆమె అంత గట్టిగా మాట్లాడ్డం ఎవరూ వినలేదు. నాంచారయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

ఆ ఆట చూసిన హైమావతి ల్యాబ్‌కు వెళ్లి ఆ లోపం తీసేయాలని మూడు నెలలు కూర్చుంది. కంప్యూటర్‌లోంచి చూపు తీసేస్తే బంతి రాయిలా వెళ్లేది, మెత్తదనం కావాలంటే చూపు వచ్చేది. చివరికి విసుగెత్తి, తొడుగు తనే నలభై గంటలు వేసుకుని, అసలు రహస్యమేమిటో తేల్చుకుందామని పండ్ల మార్కెట్‌కే వచ్చింది.

కరుణమ్మ సంబరంగా ఆమెను వరసలో నిలబెట్టింది. ఆనవాయితీ ప్రకారం చేతనైన ఇద్దరి మధ్య, ఇటు రాహేలమ్మ, అటు తను. రాహేలమ్మ విసిరిన కాయను డాక్టరమ్మ చక్కగా అందుకుని కరుణమ్మ వైపు తిరిగింది.

కరుణమ్మ చేతులు చాపే ఉంది. కళ్లు మాత్రం కాటా మీద ఆనించిపెట్టిన ఫోన్లో ఉన్నాయి. దేశపు జట్టు నీలం జెర్సీలో దీవెన కోర్టులోకి దిగుతోంది.

కాయ పది కిలోలుంటుంది. హైమావతి నడుము వంగిపోతోంది గానీ చేతులు కాయను వదలడం లేదు. ఆమె వెనక వరసంతా ఆగిపోయింది, లారీ హారన్ కొట్టింది.

"కరుణమ్మగారూ, ఒక్కసారి నా వైపు చూడండీ!"

"ఉండండి డాక్టరమ్మా," అంది కరుణమ్మ, చూపు తిప్పకుండా. "మా అమ్మాయి ఆడతంది."