పెద్ద వైద్యం

"నా తమ్మునికి పెద్ద వైద్యం చేపిస్తావా, చేపియ్యవా? ఆ ఒక్క మాట చెప్పు మే!"

ఫోన్ తెరలో సంజీవమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే అరుస్తోంది. రాజంపేట పక్క పల్లెలో కూర్చుని ఆవిడ అరిస్తే, కువైట్ ఆస్పత్రి వరండాలో నిలబడ్డ మునిలక్ష్మి ఫోన్ చప్పుడు తగ్గించుకుని గోడ వారకు జరిగింది! మామూలు ఆడబిడ్డ అయితే గట్టిగా ఒక మాట అని ఫోన్ పెట్టేసేదేమో... కానీ మునిలక్ష్మి కూతురు పుష్పలతను పెంచింది ఆ సంజీవమ్మే. మొగుడూ పెళ్లాలిద్దరూ ఈ దేశంలో పరాయి ఇళ్లలో పనిచేస్తుంటే, ఆ పిల్లకు తల దువ్వి, బడికి పంపి, జ్వరమొస్తే పక్కన పడుకుని, చివరికి పెళ్లి చేసి అత్తారింటికి పంపిందీ ఆవిడే! అలాంటి మనిషి ముందు ఏ నోటితో ఎదురు మాట్లాడుతుంది?

"డాక్టరమ్మ రెండు దార్లు చెప్పింది వదినా... ఆలోచించుకోమనింది..."

"ఆలోచించేదానికి ఏముండాది దాంట్లో? గట్టి మందు ఉండంగా సన్న మందు ఎవురన్నా ఇప్పిస్తారా? ఏదో ఒకటి మింగించి వాన్ని ఇంటికి తోలుకొచ్చినావనుకో, రేపు జరగరానిది జరిగితే ఊరు ఊరకుంటాదా? కువైట్‌కు పోయిన ఆడది మొగున్ని సరిగ్గా చూపియ్యలేదంటారు! ఊరిదాకా ఎందుకు, నేనే అంటా!"

మునిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. కువైట్‌కు పోయిన ఆడది... ఈ మాట ఎన్నేళ్లుగా వింటోందో! సెలవుకు వెళ్లి కొత్త చీర కట్టినా ఆ మాటే, కట్టకపోయినా ఆ మాటే.

ఆమె భర్త గంగాధర్ జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్. ఆమెకు పని ఎగైలాలో, మరో ఇంట్లో. ఒకే దేశంలో ఉంటూ మొగుడూ పెళ్లాలు శుక్రవారం శుక్రవారం కలుసుకునేవారంటే నమ్ముతారా? షర్క్ చేపల మార్కెట్ దగ్గర సముద్రం ఒడ్డున కూర్చుని, వేయించిన చేప చెరి సగం తిని, సాయంత్రానికి చెరో బస్సు ఎక్కేవారు. అక్కడ కూర్చున్నప్పుడల్లా ఆయనకు ఒకటే ధ్యాస. కూతురి పెళ్లికి కఫీల్, అదే పనిలో పెట్టుకున్న యజమాని, సెలవివ్వలేదు. తాళి కట్టడం కూడా ఫోన్‌లోనే చూశాడు. "ఈసారి పోతే పుష్ప ఇంట్లో దిగాల మునీ. దాని చేతి అన్నం ఒక్క పూటన్నా తినాల" అనేవాడు. అలాంటి మనిషి మొన్న కారు కడుగుతూ కడుగుతూ గేటు దగ్గర కుప్పకూలిపోయాడు! రక్తం పరీక్ష చేస్తే... రక్తపు క్యాన్సర్!

డాక్టర్ హనాన్ ఈజిప్టు ఆవిడ. ఆ ఫోన్‌కు ముందే, మునిలక్ష్మికి వచ్చింది వంటింటి అరబీ అని గ్రహించి, నిదానంగా, చిన్న చిన్న మాటల్లో చెప్పింది. పక్కనే మంచం మీద గంగాధర్ కళ్లు మూసుకుని పడున్నాడు. చేతిలోకి రక్తం ఎక్కుతోంది.

"ఒకటి బలమైన మందు. వారాల తరబడి ఈ గది దాటకూడదు. కొందరికి జబ్బు కనబడకుండా పోతుంది. కానీ ఈ వయసు వాళ్లలో ఆ మందునే తట్టుకోలేక మొదట్లోనే పోయేవాళ్లూ ఉన్నారు. రెండోది తేలిక మందు. జబ్బును పూర్తిగా తీసెయ్యడం అరుదు, కొన్నాళ్లు అణచి పెడుతుంది. కానీ ఎక్కువ రోజులు ఇంట్లో ఉండొచ్చు. నడవొచ్చు, తినొచ్చు. మీ దేశం వెళ్లి అక్కడే తీసుకోవచ్చు."

"ఏ మందు తీసుకున్నోళ్లు ఎక్కువ బతికినారు డాక్టర్?"

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"బలమైన మందు తీసుకున్నవాళ్లే ఎక్కువ బతికారని కొన్ని పరిశోధనల్లో ఉంది. కానీ ఆ మందు ఎవరికిచ్చారో కూడా చూడాలి కదా! ముందునుంచీ గట్టిగా ఉన్నవాళ్లకి అదిచ్చారు. నీరసంగా ఉన్నవాళ్లకి తేలికది ఇచ్చారు. వాళ్లను నిలబెట్టింది మందో, వాళ్ల ఒంట్లో సత్తువో, నేను ఒట్టేసి చెప్పలేను. ఈయన గుండె కూడా బలహీనంగా ఉంది. నన్నడిగితే తేలిక మందు వైపే మొగ్గుతాను. కానీ నిర్ణయం ఆయనది. ఆయనతో మాట్లాడి రేపు చెప్పు."

ఆయనతో మాట్లాడాలట! రోగి దగ్గర కూర్చుని నీకు ఇదీ జబ్బు, ఇన్నాళ్లే బతుకు అని చెప్పే ఇల్లు మనలో ఒక్కటైనా ఉందా తల్లీ? చుట్టాలకు చెబుతాం, పక్కింటివాళ్లకు చెబుతాం, రోగికి మాత్రం నవ్వు ముఖం చూపిస్తాం! మునిలక్ష్మి మాత్రం ఏం చేస్తుంది? వదిన ఫోన్ పెట్టేశాక కన్నీళ్లు తుడుచుకుని, ముఖం కడుక్కుని, ఆయన దగ్గరికి వెళ్లి కూర్చుంది.

నిజం చెప్పాలంటే ఆమె మనసులోనూ ఒక మూల గట్టి మందే మంచిదన్న నమ్మకం ఉంది. ఎందుకుండదు? ఇక్కడ పనిచేసే మనవాళ్లెవరికి జ్వరమొచ్చినా క్లినిక్‌కి వెళ్లి ముందు అడిగేది సూదే. తెల్లారి పనికి లేవాలి, మామా, అదే ఇంటి యజమానురాలు, ఊరుకోదు. బిళ్లలిచ్చి పంపిన డాక్టరు చేతకాని డాక్టరు, సూది వేసినవాడే మంచి డాక్టరు. అలా సూదుల మీదే ఏళ్లు నెట్టుకొచ్చిన మనిషికి, తేలిక మందులోనూ మేలుంటుందంటే ఎలా ఎక్కుతుంది?

అయినా డాక్టరమ్మ మాట గుండెలో ముల్లులా గుచ్చుతూనే ఉంది. నడవొచ్చు... తినొచ్చు... ఇంట్లో ఉండొచ్చు...

"డాక్టరమ్మ ఏమంటాంది మునీ?" కళ్లు తెరిచి అడిగాడు గంగాధర్.

"గట్టి సూదులు ఏస్తారంట. కొన్నాళ్లు ఇబ్బంది పెడతాదంట గానీ తగ్గిపోతాదంట."

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. "అక్క ఏమంటాంది?"

"అదే చేపియ్యమంటాంది."

"నీకేమనిపిస్తాంది?"

అయ్యో! అప్పుడైనా చెప్పి ఉండకూడదా! నోటిదాకా వచ్చింది. రెండో దారి ఒకటుందయ్యా, పుష్ప ఇంటికి పోదామా అని అడుగుదామనుకుంది. కానీ ఫోన్‌లో సంజీవమ్మ ముఖం కళ్లముందు ఆడింది. ఊరు ఊరంతా వేలు చూపించినట్టే అనిపించింది.

"నాకూ... అదే మంచిదనిపిస్తాంది."

"సరేలే. అట్లే కానీ."

మర్నాడు ఆస్పత్రి కాగితంలో చెప్పిన చోట సంతకం పెట్టాడు.

ఆ తర్వాతి వారాలు ఏం చెప్పాలి! జుట్టు రాలింది. నోరంతా పుండ్లై మంచినీళ్లు కూడా మింగలేకపోయాడు. కారు చక్రాలు ఒంటిచేత్తో ఎత్తిన మనిషి పక్కకు తిరగడానికి నర్సు చెయ్యి పట్టుకునేవాడు. ఎగైలా మామా జాలిపడి పగటిపూట పంపిస్తే, మునిలక్ష్మి ముఖానికి మాస్కు కట్టుకుని ఆ గదిలో ఒక మూల కూర్చునేది. పెళ్లయ్యాక ఇన్ని పగళ్లు వరసగా మొగుడి పక్కన కూర్చోవడం ఆమెకు అదే మొదలు! ఆ సంతోషాన్నీ దేవుడు ఇలాగే ఇవ్వాలా? వారాలు గడిచేసరికి జ్వరం పట్టుకుంది. ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తుల్లోకి దిగింది. డాక్టర్ హనాన్ మునిలక్ష్మి భుజం మీద చెయ్యి వేసి, "ఇంక మందులకు లొంగడం లేదు. ఆయనతో మాట్లాడాలనుకుంటే మాట్లాడు" అంది.

గంగాధర్ ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపి, వేలితో దగ్గరికి రమ్మన్నాడు.

"ఏడవద్దు మునీ... నాకు తెలుసు."

"ఏం తెలుసయ్యా?"

"ఆ పొద్దు డాక్టరమ్మ చెప్పిందంతా విన్యా... రెండు మందులు... ఇంటికి పోవచ్చని..."

మునిలక్ష్మి మంచం కడ్డీ గట్టిగా పట్టుకుంది!

"మా కఫీల్ తల్లిని ఎన్నేండ్లు తిప్పినా ఆస్పత్రులకు? కుర్చీ తోసుకుంటా పోయి డాక్టర్ల ముందర కూర్చునేది నేనే కదా... నీకు వంటింటి అరబీ వస్తే, నాకు ఆస్పత్రి అరబీ వస్తాది" అంటూ నవ్వబోయాడు. దగ్గు ఆయన్ను నవ్వనివ్వలేదు.

"మరి ఏంటికి చెప్పలేదు! ఏంటికి ఆ కాగితంలో సంతకం పెట్టినావు! ఒక్క మాట అనుంటే నిన్ను మోసుకోనైనా పుష్ప ఇంటికి తీసకపోయేదాన్ని గదా!"

"పోయి... రెండు నెలలకో మూడు నెలలకో పోతాను. అప్పుడు నిన్ను బతకనిస్తారా మే? పెద్ద వైద్యం చేపియ్యకుండా మొగున్ని చంపుకునిందంటారు. అక్క నోరు నాకు తెలీదా... నాకైతే అయిపోతాది. నువ్వు ఆ ఊర్లో ఎన్నేండ్లు బతకాల!"

"అంటే అననీ! పడేదాన్ని! ఇన్నేండ్లు పడలేదా? నాకు నువ్వు కావాల గానీ ఊరి మాట ఏంటికయ్యా!" మంచం కడ్డీకి తల కొట్టుకుంటూ ఏడ్చింది మునిలక్ష్మి.

"నువ్వు చెప్తావేమోనని చూసినా... నీ కండ్లల్లో భయం కనపడింది. ఇంక సరేననుకుంటి." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "పుష్ప చేతి అన్నం ఒక్కటే... కొంచెం ఆశగా ఉండె..."

అంతే. ఆపైన మాస్కు తియ్యలేదు. మర్నాడు మధ్యాహ్నం ఎండ కిటికీలో ఉండగానే ఆయన ఊపిరి ఆగిపోయింది.

వరండాలో డాక్టర్ హనాన్ చెయ్యి పట్టుకుని మునిలక్ష్మి ఒకటే అడిగింది. "తేలిక మందు ఇప్పించి ఉంటే బతికేవాడా డాక్టర్?"

"తెలియదమ్మా. ఇంకొన్నాళ్లు ఉండేవాడేమో. వారంలోనే పోయేవాడేమో. ఒక మనిషికి రెండు దారులూ నడిపించి చూడలేం కదా."

తప్పు చేశావంటే ఏడ్చి ప్రాయశ్చిత్తం చేసుకునేది. చెయ్యలేదంటే ఊరట పడేది. రెండూ కాని ఆ జవాబుతో ఆమె ఇంక బతకాలి!

శవాన్ని ఇంటికి పంపే కాగితాలు గంగాధర్ కఫీల్ మనుషులు చూసుకుంటామన్నారు. మునిలక్ష్మి వరండాలోనే నేలమీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది. సంజీవమ్మ గుండెలు బాదుకుంది, తమ్ముణ్ణి పేరుపెట్టి పిలుస్తూ నేలకు తల కొట్టుకుంది. చివరికి కొంగుతో కళ్లొత్తుకుని తెరలోకి చూసింది.

"నీ తప్పేం లేదు మే. పెద్ద వైద్యమే చేపించినావు. మొగునికోసరం నువ్వు చేయాల్సిందంతా చేసినావు. ఊర్లో ఎవురన్నా నిన్ను ఒక్క మాట అంటే నాలిక చీరేస్తా!"

ఈ మాటకోసమే వదినా నీ తమ్ముడు ఇల్లు చూడకుండా పోయిందని మునిలక్ష్మికి అరవాలనిపించింది! అరిస్తే ఏమవుతుంది? ఆ తల్లిలాంటి మనిషి కూడా ఇవాళ్టినుంచి నిద్రపోదు. ఆయన అంత బాధపడి తెచ్చిపెట్టిన ఈ మాట కూడా మట్టిపాలవుతుంది.

"అవును వదినా... పెద్ద వైద్యమే చేపించినాను."

నాయనకు బాగాలేదని తెలిసి మేనత్త ఇంటికి వచ్చి ఉన్న పుష్పలత అంతలో ఫోన్ లాక్కుంది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల ముఖం వాచిపోయింది. "అమ్మా! నాయన కడసారి నాకేమన్నా చెప్పినాడా? నన్ను అడిగినాడా?"

మునిలక్ష్మి కళ్లు మూసుకుంది.

"లేదమ్మా. నిద్రలోనే పోయినాడు. ఏ ఆశా లేకుండా సుఖంగా పోయినాడు."

పుష్పలత ఆ మాట నమ్మింది.