నిద్ర భాగంలో కామా

ప్రభుదాసు గుండెను బఠాణీ గింజంత చిప్ నడుపుతోంది. దాని ప్రోగ్రామును డాక్టర్ కాదంబరి అతని భార్య గ్రేసమ్మకు తెర మీద చూపిస్తోంది.

ఒంటి వేడితోనే పనిచేసే ఆ చిప్‌కు తెలిసినవి ఎనిమిది గుర్తులే. చుక్క వస్తే గుండెను ఒకసారి కొట్టిస్తుంది. కామా వస్తే రక్తనాళం నుంచి కొత్త సంకేతం అందేదాకా ఆగుతుంది. ఇదివరకు ఆ ప్రోగ్రాములు చీమల బారుల్లా ఉండేవి. రాసినవాళ్లకే మర్నాటికి అర్థమయ్యేవి కావు. కాదంబరి ఆ గుర్తులను భాగాలుగా విడదీసి, మధ్యమధ్య తెలుగు మాటలు రాసింది. మాటలను చిప్ పట్టించుకోదు. మనిషి మాత్రం చదువుకోవచ్చు.

"ఇది మెలకువ భాగం, ఇది నిద్ర భాగం. అంతేగా?" అంది గ్రేసమ్మ సంబరంగా. "ఆయన గుండె నాకు చదవడం వచ్చేసింది డాక్టరమ్మా! ఇందులో నేనూ ఒక మాట రాయొచ్చా?"

"రాయండి. కామాలూ చుక్కలూ మాత్రం వద్దు. చిప్ వాటిని ఆజ్ఞలనుకుంటుంది."

నిద్ర భాగం మొదట్లో గ్రేసమ్మ జాగ్రత్తగా టైపు చేసింది: ఏమండీ హయిగా పడుకోండి

అందులో ఒక అక్షరదోషాన్ని కాదంబరి నవ్వుకుంటూ సరిదిద్దింది. చేతికున్న అలవాటు కొద్దీ 'ఏమండీ' పక్కన కామా పెట్టింది. పెట్టినట్టు గమనించకుండానే చిప్‌లోకి పంపేసింది.

భోంచేసి ప్రభుదాసు కునుకు తీశాడు. చిప్ నిద్ర భాగంలోకి వెళ్లి, కామా దగ్గర ఆగింది. గుండె కొట్టుకుంటే తప్ప సంకేతం రాదు. సంకేతం వస్తే తప్ప చిప్ కదలదు.

సమాధి చేసి వచ్చాక గ్రేసమ్మ కాదంబరి గదికి వెళ్లింది.

"యంత్రం పాడైందన్నారు. ఒక్కసారి చూడనివ్వండి."

వరసగా చదువుతూ వెళ్లి నిద్ర భాగం దగ్గర ఆగింది.

"ఈ కామా... నేనే పెట్టానా?"

కాదంబరికి తన చేతి అలవాటు గుర్తొచ్చింది. ఆమె పద్ధతిని దేశమంతటా అమలు చేసే ఉత్తర్వు రావలసి ఉంది.

"మీరే పెట్టారు," అంది.

గ్రేసమ్మ నేల మీద కూలబడి ఆమె కాళ్లు పట్టుకుంది. "మీరు ముందే చెప్పారు డాక్టరమ్మా. మీ యంత్రానికి చెడ్డపేరు రానివ్వను. తప్పు నాదేనని అందరికీ చెబుతాను."

అన్నట్టే చెబుతోంది. ఏ ఆసుపత్రిలో ఈ ప్రోగ్రాములు చదవడం నేర్పే కొత్త తరగతి మొదలైనా రోగుల బంధువుల ముందు ఆమెను నిలబెడతారు. "మా ఆయన్ని నా చేత్తో నేనే చంపుకున్నాను," అని మొదలుపెట్టి ఏడుస్తుంది. కాదంబరి లేచి మంచినీళ్ల గ్లాసు అందిస్తుంది.