వంతెన ఎక్కగానే

వాన చప్పుడుని దాటుకుని అతని గొంతు షెడ్డులోకి వచ్చింది.

"ఏమండీ మెకానిక్ గారూ! మళ్ళీ అక్కడే. అదే వంతెన మీద బండి పికప్ పడిపోయి ఆగిపోయింది."

ఆమె తలెత్తలేదు. చేతిలో ఉన్న బోల్టు బిగించడం పూర్తిచేసింది. ఆ తర్వాతే చూసింది. పశువుల డాక్టరు తడిసి ముద్దయి, తన తండ్రి కాలం నాటి మోటారు సైకిలు తోసుకుంటూ నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి. కోపంగా ఉండాలని చూస్తున్నాడు గానీ, ఆ ముక్కు సహకరించడం లేదు.

"ఆగిందా, ఆపారా?"

"నేనెందుకు ఆపుతాను, సరదానా? అవతల గేదె ఈనలేక అల్లాడింది. ఇవతల నేను వంతెన మీద మీ ఇంజన్‌ని బతిమాలుతూ నిలబడ్డాను."

"నా ఇంజనా?"

"కట్టింది మీరేగా!"

ఆ మాట గుచ్చుకుంది. పిస్టన్, రింగులు, వాల్వులు అన్నీ మార్చి, నాన్న చెయ్యి పెట్టకుండా ఆమె ఒక్కతే కట్టిన మొదటి ఇంజన్ అది.

షెడ్డు మూలలో స్టూలు మీద కూర్చున్న నాన్న దగ్గాడు. "అమ్మాయ్, ఇది మూడోసారి. ఇవాళ తేల్చలేకపోతే రేపు నేనే విప్పుతా. నువ్వు పంక్చర్లు చూసుకో."

అంతే అన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడడు. అన్న మాట వెనక్కి తీసుకోడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి, ఈ బండి, ఆ వంతెన, ముగ్గురూ కలిసి తన మీద కుట్ర పన్నినట్టుంది. ఏం చూడలేదని? కార్బురేటర్ కడిగింది. ప్లగ్గు మార్చింది. కాయిల్ వేడెక్కాక పరీక్షించింది. ట్యాంకు మూతకి ఉండే గాలి బెజ్జం కూడా నోటితో ఊది చూసింది. పెట్రోలు కిందికి దిగాలంటే దాని చోటులోకి గాలి వెళ్ళాలి. బెజ్జం శుభ్రంగా ఉంది. తను నడిపిన ప్రతిసారీ బండి పక్షిలా పోయింది.

"నా దగ్గరికి జబ్బు గొడ్డుని తెస్తే, మేత మారిందా, నీళ్ళు మారాయా, కట్టేసే చోటు మారిందా అని అడుగుతాను," అన్నాడు డాక్టరు. "మీరు నన్నేమీ అడగరు. తిడతారు."

"ఇది గేదె కాదు."

"కాదు. గేదెకైతే కాస్త కృతజ్ఞత ఉంటుంది."

వాన తెరిపిచ్చింది. ఆమె చేతులు తుడుచుకుని, ట్యాంకు మీది కవరు బటన్లు విప్పి, మడత పడకుండా మేకుకి తగిలించింది. గోధుమరంగు రెక్సిన్, లోపల మెత్తటి స్పాంజి. చర్మంలా అతుక్కుని ఉంటుంది. ఎవరు కుట్టారోగానీ చెయ్యి తిరిగిన మనిషి. నూనె చేతులతో అలాంటి కుట్టుని ముట్టుకోకూడదని ఆమె నియమం.

"ఎక్కండి వెనక. ఎక్కడ ఆగుతుందో చూపించండి."

ఆమె నడిపింది. వంతెన వచ్చింది, వెళ్ళిపోయింది. అవతలి మలుపు దాకా పోయి తిరిగొచ్చారు. ఇంజన్ ఒక్కసారి కూడా తడబడలేదు.

"విన్నారా? లోపం బండిలో లేదు."

"మీరంటే దానికి భయం."

"మీరంటే దానికి అసహ్యం."

మూలలోంచి నాన్న మళ్ళీ దగ్గాడు. ఈసారి ఆ దగ్గులో నవ్వు ఉందని ఆమెకి అనుమానం వచ్చింది. దాంతో కోపం రెట్టింపయింది.

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. అతను మేకు మీది కవరు తీసి ట్యాంకుకి తొడిగి, బటన్లు నొక్కుతున్నాడు.

"ఈసారి మీరు నడపండి. నేను వెనక కూర్చుని చూస్తా, ఆ ఇంజన్‌ని ఏం చేస్తున్నారో!"

అతనేమీ పాపం చెయ్యలేదు. గేర్లు శుభ్రంగా మార్చాడు. గుంటల దగ్గర నెమ్మదించాడు. ఆమె అతని భుజం మీదుగా తప్పు వెతుకుతూనే ఉంది. తడిసిన చెవి, మెడ మీద చిన్న పుట్టుమచ్చ తప్ప ఏమీ దొరకలేదు. వాటి మీద కూడా కోపం వచ్చింది.

వంతెన ఎక్కగానే ఇంజన్ గొంతు సన్నబడింది. అతను రేజ్ ఇచ్చినా బండి ముందుకి లాగలేదు. గుటక పడనట్టు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

"చూశారా! చూశారా!" అతను ఎగిరి గంతేశాడు.

"సంతోషమేనా? ఇక దేన్నీ ముట్టుకోకండి."

ఆమె వంగి పెట్రోలు పైపు లాగి కింద అరచెయ్యి పట్టింది. ఒక చుక్క, తర్వాత ఇంకొకటి. ఆపైన ఏమీ లేదు.

"పెట్రోలు దిగట్లేదు."

"ట్యాంకులో ఉంది, నేను పొద్దున్నే పోయించా. అంటే మేత ఉంది, మింగుడు పడట్లేదు. ఇలా ఆగినప్పుడల్లా నేను మూత తీసి చూస్తా. కాసేపటికి మళ్ళీ స్టార్టవుతుంది. చల్లారడం వల్ల అనుకున్నా." అతను కవరుకి మూత దగ్గరున్న మడత పైకెత్తి, మూత తిప్పాడు.

స్స్‌మని ట్యాంకు గాలి పీల్చుకుంది. ఆమె అరచేతిలోకి పెట్రోలు ధారగా దూకింది.

ఆమె తలెత్తి కవరు వైపు చూసింది. వాన ఆ మడత మీద టపటపా కొడుతోంది.

"ఈ కవరు ఎప్పుడు కుట్టించారు?"

"మా అమ్మ కుట్టింది. మీరు ఇంజన్ కట్టిచ్చిన వారం. కొత్త ఇంజన్‌కి కొత్త బట్టలుండాలంది."

ఆమె పైపు బిగించి తలపట్టుకుంది. అంత బిగుతు కుట్టు మూత మీద పడితే బెజ్జంలోకి గాలి ఎక్కణ్ణించి పోతుంది? వంతెన ఎత్తు ఎక్కాలంటే ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ కావాలి, అందుకే ప్రతిసారీ అక్కడే ఆగింది. బండి షెడ్డుకి వచ్చిన ప్రతిసారీ ఆ కవరు తీసి, గౌరవంగా మేకుకి తగిలించి, అప్పుడు పరీక్ష చేసింది తను. రోగాన్ని గోడకి వేలాడదీసి రోగిని పట్టుకు వేధించింది.

ఇప్పుడు వెక్కిరిస్తాడని ఎదురుచూసింది. అతను వెక్కిరించలేదు.

"మీరు ప్రతిసారీ తీశారు. నేను ప్రతిసారీ తొడిగాను," అన్నాడు. "బాగానే కుదిరాం."

ఆ మడత తెరిచే ఉంచి డాక్టరు ఇంటికి వెళ్ళారు. ఇంజన్ ఎక్కడా ఆగలేదు.

కుట్టుమిషను ముందున్న అతని తల్లి కళ్ళజోడు మీదనుంచి చూసింది. "నా కుట్టు వల్ల ఇంజన్ ఆగిందా? ఇన్నేళ్ళుగా కుడుతున్నా, ఊపిరాడలేదని ఒక్కరూ అనలేదు!"

"దానికి ఆడలేదండీ," అంది మెకానిక్ అమ్మాయి. మూత మీద మడత వేసి, బెజ్జం ఎక్కడ మూసుకుపోతుందో వేలితో చూపించింది.

తల్లి వేలితో తడిమింది. ఇంకోసారి తడిమింది. కత్తెర తీసింది. మడతలో గుండ్రంగా కత్తిరించి, అంచుకి కాజా కుట్టి, వాన పడకుండా పైన చిన్న గొడుగులాంటి రెక్క అతికించింది. దారం కొరుకుతూ అంది, "ఇంటికొచ్చి నా కుట్టుకి వంక పెట్టిన మొదటి మనిషివి నువ్వే. బాగుంది. వీడు నిన్ను తిట్టని పూట లేదు. అంత తిట్టేవాడు ఇంకో షాపుకి ఎందుకు పోలేదా అని ఆలోచిస్తున్నా. ఇప్పుడు తెలిసింది."

"అమ్మా!"

"ఏం, అబద్ధమా?"

అమ్మాయి అతని వైపు తిరిగింది. "నిజమేనా?"

"మొదటిసారి నిజంగానే కోపం వచ్చింది," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మూడోసారి వంతెన మీద ఆగినప్పుడు, పక్కవాళ్ళ బండి మీద పోయి గేదె పని చూశాక, మీ దగ్గరికి రావచ్చు కదా అనిపించింది."

"మరి వచ్చి అరిచారే!"

"అరవకపోతే మీరు తలెత్తరుగా."

ఆ మాట నిజమే. అది ఇంకా ఒళ్ళు మండించింది.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి నాన్న పెద్ద స్పానరు తీసి పెట్టుకుని ఉన్నాడు. అమ్మాయి చెప్పింది విన్నాడు. కవరు తొడిగి ఉన్న బండిని కిక్కు కొట్టి, వానలోనే వంతెన వైపు వెళ్ళాడు. ఆమె గుమ్మంలో నిలబడింది. పక్కన డాక్టరు నిలబడ్డాడు. ఆ చప్పుడు దూరమైంది. వంతెన దగ్గర గాలి వాలులో ఒక్క క్షణం వినిపించలేదు. తెలియకుండానే ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

చప్పుడు మళ్ళీ వినిపించింది. నిండుగా, ఒకే గొంతుతో దగ్గరికొచ్చింది.

నాన్న బండి దిగాడు. స్పానరు తీసి ఆమె పనిముట్ల మేకుకి తగిలించాడు. "విప్పక్కర్లేదు. బాగా కట్టావు," అని లోపలికెళ్ళిపోయాడు.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇక నేనీ షెడ్డుకి రావాల్సిన పని లేదన్నమాట."

ఆమె చొక్కా చెయ్యి వదిలింది. మొహం చిట్లించింది.

"ఎవరన్నారు? కొత్తగా కట్టిన ఇంజన్‌కి ఆయిలు తొందరగా మార్చాలి. ఆమాత్రం తెలీదా?"

"ఎప్పుడు?"

"రేపు. మళ్ళీ అరుచుకుంటూ రాకండి." బోల్టు చేతిలోకి తీసుకుని, ఈసారి తలెత్తి చూసింది. "మామూలుగా పిలిచినా పలుకుతాను."