మూడో లైను దగ్గర ఆగే పాట

విస్సన్నపేట రోడ్డులో ఊరు దాటుతుండగా ఎడమచేతి వైపు మూతబడ్డ మేడ హోటలు ఒకటి ఉండేది. రాత్రి తొమ్మిది దాటాక మా తిరువూరు వాళ్ళెవరూ దాని ముందు నుంచి నడిచి వెళ్ళేవారు కాదు. బండి మీదైనా సరే, ఆ వంద గజాలూ నోరు మూసుకునే వెళ్ళేవారు. పగలేమో అదే మేడ నీడలో నిలబడి చెరుకు రసం తాగేవారు. మావాళ్ళ ధైర్యానికి కూడా డ్యూటీ టైములు ఉంటాయి మరి.

అక్కడ పాట వినిపించేది.

పైన... కరెంటు మీటరు కూడా పీకేసిన చీకటి మేడ మీద నుంచి... ఒక మగ గొంతు. మూడు లైన్లు పాడేది. నాలుగోది అందుకోబోయి — ఆగిపోయేది. కుర్చీ ఈడ్చిన చప్పుడు ఒకటి. ఆ తరవాత ఏమీ ఉండేది కాదు.

అది శౌరయ్య హోటలు. బోర్డు మీద ఏదో పెద్ద పేరే ఉండేదిగానీ అందరూ పాటల హోటలనే అనేవారు. కింద వంటిల్లు, పైన ఎనిమిది టేబుళ్ళు. మేడ మీద కూర్చుంటే మామిడి తోటలు, వాటి వెనక కొండలు, సాయంత్రమైతే కొండల మీద ఎర్రగా దిగే ఎండ. పెసరట్టు సంగతి నేను చెప్పను. ఇప్పుడు చెప్పి నన్ను నేను బాధపెట్టుకోవడం ఎందుకు!

శౌరయ్యకి ఒక పద్ధతుండేది. ఏ పాట కావాలో చీటీ మీద రాసి, టేబులు నంబరు వేసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. వరసప్రకారం వేసేవాడు. కానీ చీటీ రాసినవాళ్ళూ, వాళ్ళ టేబులు మీద కూర్చున్నవాళ్ళూ పాట అయ్యేదాకా లేవకూడదు. "అట్టు సగంలో వదిలేసినా ఊరుకుంటానండీ, పాట వదిలేస్తే మాత్రం ఊరుకోను," అనేవాడు. శనివారం సాయంత్రాలు ఊళ్ళోవాళ్ళే వచ్చి పాడుకునేవారు. ఆ పాటల్ని టేపు రికార్డర్లో క్యాసెట్టు మీదికి ఎక్కించేవాడు. ఊరంతా సీడీలు దాటి ఫోన్లలోకి వెళ్ళిపోయాక కూడా ఆయన క్యాసెట్టు వదల్లేదు.

మూడేళ్ళ కిందట శౌరయ్య పోయాడు. హోటలు మూతబడింది. ఆ తరవాత కొన్నాళ్ళకే ఈ పాట మొదలైంది.

ఇక మావాళ్ళ తెలివి చూడండి. మధ్యలో వెళ్ళిపోతే శౌరయ్య ఊరుకోడు కదా! అందుకని పాట వినిపించిందంటే ఆటోవాళ్ళు ఇంజను ఆపేసి నిలబడేవారు. నిలబడితే ఏమైంది? పాట పూర్తయితే కదా! మూడో లైను దగ్గర తెగిపోయేది. వెళ్ళడానికి భయం, ఉండడానికి భయం. చివరికి ఒక ఉపాయం కనిపెట్టారు. తెగిన చోటు నుంచి ఎవరికి తోచినట్టు వాళ్ళు "ఆఁ... ఆఁ..." అని ఒక రాగం లాగి, పాట అయిపోయిందనిపించి, బండి తీసేవారు. అందరిలోకీ ఘోరంగా రాగం తీసేవాడు మా వీధి ఆటో వెంకటప్పయ్య. అతని గొంతుకి దెయ్యమే పారిపోతుందని స్టాండులో ఏడిపించేవాళ్ళం.

ఈ కథ నాకు చెప్పింది అతనే.

పోయిన మాఘమాసంలో ఒక రాత్రి, బస్టాండు దగ్గర నవీన్ కుమార్ అతని ఆటో ఎక్కాడు. నవీన్ అంటే మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఫోను పట్టుకుని ఊరంతా తిరిగి వీడియోలు పెడతాడు. ఎక్కడ పునుగులు బాగుంటాయి, ఏ చెరువు గట్టు మీద పొద్దు బాగా గుంకుతుంది, ఏ టీ కొట్టులో పాత పాటలు వేస్తారు... అన్నీ. పెనుగొలనులో ఒక ముసలమ్మ వేసే గారెల కోసం జనం కార్లేసుకుని వెళ్తున్నారంటే అది ఇతని పుణ్యమే. ముప్ఫై ఏళ్ళుంటాయి. గలగలా మాట్లాడతాడు.

ఆ రోజు వెనక సీట్లో ఓ మూలకి ఒదిగి కూర్చున్నాడు.

"ఎక్కడికి తమ్ముడూ?"

"పాటల హోటలుకి బాబాయ్."

వెంకటప్పయ్య వెనక్కి తిరిగి చూశాడు. "మూసేశారుగా!"

"రేపు పొద్దున పొక్లెయిన్ వస్తోందంట. స్థలం కొన్నవాళ్ళు మేడ కొట్టేస్తున్నారు. ఈ రాత్రే ఆఖరు."

"దెయ్యం వీడియోనా?"

నవీన్ తల అడ్డంగా ఊపాడు. తనలో తాను అనుకుంటున్నట్టుగా చెప్పాడు.

"అక్కడ పాడేది మా నాన్నేమోనని... చూడాలి బాబాయ్."

వాళ్ళ నాన్న రాయప్ప, కరెంటు లైన్‌మన్. పదేళ్ళయింది పోయి. స్తంభం ఎక్కి చూస్తే ఊరు ఎంత అందంగా ఉంటుందో అని ఎప్పుడూ అంటుండేవాడు. ఆ మాట మీదే ఒక పాట కట్టాడు. ఇంట్లో మొదటి చరణం మాత్రమే పాడుకునేవాడు. రెండోది ఇంకా కడుతున్నానని, శనివారం శౌరయ్య మేడ మీద మొత్తం పాడి వినిపిస్తానని కొడుకుని తీసుకెళ్ళాడు. చీటీలో కొడుకు కూర్చున్న టేబులు నంబరే వేశాడు. నవీన్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. పక్క టేబులు దగ్గర కాలేజీ స్నేహితులు ఉన్నారు. రాయప్ప పాడుతుంటే వాళ్ళు నవ్వారు. స్తంభం మీద, పెసరట్టు మీద పాటేంట్రా అని నవ్వారు. నవీన్‌కి తల కొట్టేసినట్టయింది. కుర్చీ వెనక్కి తోసి, లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

రాయప్ప ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదు. మళ్ళీ పాడనూ లేదు. ఆ పాట మొత్తం ఒకసారి పాడు నాన్నా అని అడుగుదామని నవీన్ ఏడాదిపాటు అనుకుంటూనే ఉన్నాడు. అడగకముందే ఆయన గుండె ఆగిపోయింది.

"నాన్న మొహం ఫోటోల్లో ఉంది బాబాయ్. గొంతే... ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు," అన్నాడు నవీన్. "ఆ శనివారం క్యాసెట్టు పైన ఉంటే ఈ రాత్రే దొరకాలి."

తొమ్మిది దాటింది. ఆటో హోటలు ముందు ఆగింది. రోడ్డు మీద ఒక్క దీపం లేదు. మామిడి పూత వాసన... దాంతోపాటు ఎక్కడి నుంచో అల్లం పచ్చడి వాసన.

"నీకూ వస్తోందా?" అన్నాడు వెంకటప్పయ్య గుసగుసగా.

నవీన్ తలూపాడు. ఫోనులో రికార్డు నొక్కి, లైటు వేసుకుని మెట్ల వైపు నడిచాడు. వెంకటప్పయ్య ఆటో దిగలేదు. దిగడానికి భయమేసిందని అతనే ఒప్పుకున్నాడు.

మెట్లు సగం ఎక్కాడో లేదో — పాట మొదలైంది.

*స్తంభమెక్కి చూస్తుంటే తిరువూరు అందం...*
*మామిడి తోపుల పైన మంచు దుప్పటి చందం...*

పైన ఫోను లైటు ఆగిపోయింది. కదలడం లేదు.

*పెనం మీద పెసరట్టు — పొద్దుటి ఆనందం...*

కుర్చీ ఈడ్చిన చప్పుడు.

పాట తెగింది. ఫోను లైటు ఆరిపోయింది.

"తమ్ముడూ..." అని పిలవబోయాడు వెంకటప్పయ్య.

పైన జరిగింది నవీన్ తరవాత చెప్పాడు. ఆ కుర్చీ చప్పుడు వినగానే అతని చేతిలోంచి ఫోను జారి కిందపడింది. అది తన కుర్చీ. పదకొండేళ్ళ కిందట తాను వెనక్కి తోసిన కుర్చీ. మెట్ల మీద కూలబడిపోయాడు.

చీకట్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"లేవకు నాయనా. ఇంకా అవలేదు."

అగ్గిపుల్ల వెలిగింది. కొవ్వొత్తి వెలుగులో శౌరయ్య భార్య జ్ఞానమణి కనిపించింది. ముందు బ్యాటరీల టేపు రికార్డరు, పక్కన బిస్కెట్ల డబ్బా. ఆమె హోటలు వెనక రేకుల గదిలోనే ఉంటుంది. రోజూ రాత్రి వెనక మెట్ల మీదుగా ఎక్కి వస్తుంది. పగలు లారీల మోతలో ఏ పాటా వినపడదు కదా!

"పెద్దమ్మా... నువ్వా రోజూ పెట్టేది?"

"మరెవరు పెడతారు? దెయ్యమనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నా. కిటికీల ఇనుము కోసం వచ్చే దొంగలు కూడా మానేశారు."

నవీన్ లేచి, మిగతా మెట్లు ఎక్కి ఆమె దగ్గరికి వచ్చాడు.

డబ్బాలోంచి ఒక చీటీ తీసి చూపించింది. రాయప్ప రాత. *నా పాట. నాలుగో టేబులు. నా కొడుకు కోసం.*

"మీ పెద్దనాన్న పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. డబ్బాలో ఒక్క చీటీ మిగిలిపోయింది, రాయప్పది, దాన్ని వదిలెయ్యొద్దని. నువ్వు ఈ రోడ్డు మీద వెళ్ళకపోతావా, నీ చెవిన పడకపోతుందా అని మూడేళ్ళుగా పెడుతున్నా. నీ వీడియోలన్నీ మా మనవరాలు చూపిస్తుందిలే. ఊళ్ళో ప్రతి హోటలూ ఎక్కావు. మా మేడ ఒక్కటే ఎక్కలేదు."

"మొహం చెల్లక రాలేదు పెద్దమ్మా."

"తెలుసులే. రేపు కొట్టేస్తున్నారని, ఇవాళ వస్తావేమోనని అల్లం పచ్చడి చేశా. తరవాత తిందువుగాని. ముందు విను."

క్యాసెట్టు ఇంకా తిరుగుతోంది. కుర్చీ చప్పుడు తరవాత కాసేపు గరగర. ఆ గరగరలో శౌరయ్య మాట, కింద రోడ్డు మీదికి వినపడనంత సన్నగా. "కానివ్వు రాయప్పా, మిగతాది కూడా పాడు." దానికి రాయప్ప జవాబు. నాన్న గొంతు. మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టు.

"మిగతాది వాడొచ్చాక పాడతాను శౌరయ్యా."

తరవాత ఏమీ లేదు.

"రెండో చరణం ఎవరికీ పాడలేదు," అంది జ్ఞానమణి. "మీ పెద్దనాన్న ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు."

నవీన్ నాలుగో టేబులు ముందు కూర్చున్నాడు. మొదటి చరణంలో ఆఖరి లైను అతనికి వచ్చు. ఇంట్లో విన్నదే. అది పాడాడు.

*ఏ ఊరు పోయినా వదలని బంధం...*

అంతవరకే వచ్చు. ఆ తరవాత తల టేబులు మీద ఆన్చి ఏడ్చాడు. ఎంతసేపో తెలియదు. జ్ఞానమణి అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

క్యాసెట్టు, చీటీ తీసుకుని కిందికొచ్చేసరికి వెంకటప్పయ్య ఆటోలో బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా నవీన్ చెప్పాక అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆటో స్టార్టు చేసి, మూడేళ్ళు తమని వణికించింది ఒక ముసలమ్మా అని పడీపడీ నవ్వాడు.

బస్టాండు దీపాలు కనిపించాక అన్నాడు — "ఏమాటకామాటే తమ్ముడూ, పాట బాగుంది. రెండో చరణం ఇంకా బాగుంది. నువ్వు ఆఖరి లైను సన్నగా పాడి, మీ నాన్న లాగే గొంతు లావు చేసి అందుకున్నావు చూడూ..."

"ఏ చరణం బాబాయ్?"

"అదే... రెండోది."

"నాకు రెండోది రాదు. నేను పాడలేదు."

"మరి నేను విన్నానుగా!"

"ఏం విన్నావు?"

వెంకటప్పయ్య ఆటో పక్కకి ఆపాడు. అతను, "ఆఁ... ఆఁ..." తప్ప జన్మలో ఒక్క రాగం తిన్నగా తియ్యని మనిషి... నోరు తెరిచాడు. ఎక్కడా తప్పకుండా పాడాడు.

*పాట మధ్య లేచినోడు పరాయోడు కాడు*
*ఊరంతా చుట్టివచ్చి ఇక్కడే కూచుంటాడు*
*వాడి అట్టు వెయ్యవయ్యా, ఆకలితో ఉన్నాడు*
*సిగ్గుపడ్డ నా కొడుకే నా పాట పాడతాడు*

నవీన్ ఫోను తీశాడు. మెట్ల మీద పడ్డా అది రికార్డు చేస్తూనే ఉంది. విన్నారు. నాలుగో లైను ఉంది. ఆ తరవాత నవీన్ ఏడుపు. జ్ఞానమణి "ఊరుకో నాయనా" అన్న మాట. ఇంకేమీ లేదు.

"ఇంకోసారి పాడు బాబాయ్," అన్నాడు నవీన్. ఏడుస్తూనే అన్నాడు. "ఒక్కసారి."

వెంకటప్పయ్య మళ్ళీ నోరు తెరిచాడు. మాటలు వచ్చాయి. రాగం రాలేదు. ఆ రాత్రే కాదు, ఈ రోజు వరకూ రాలేదు. నేనూ అడిగి చూశాను. మాటలు అప్పజెప్పి, రాగం దగ్గరికొచ్చేసరికి మా పాత వెంకటప్పయ్యే అయిపోతాడు.

మర్నాడు పొక్లెయిన్ వచ్చింది. మధ్యాహ్నానికి మేడ లేదు. నవీన్ అక్కడే నిలబడి, వెనక కొండలు కనిపించేలా ఫోను పట్టుకుని, ఆ పాట మొత్తం పాడి పెట్టాడు. రెండో చరణానికి రాగం తనే అల్లుకున్నాడు.

ఆ వీడియో జ్ఞానమణికి చూపించాను. చివరిదాకా కదలకుండా వింది. అయిపోయాక బిస్కెట్ల డబ్బా మూత తీసి, ఖాళీగా ఉందని చూసుకుని, మళ్ళీ మూత పెట్టింది.

"ఇదే రాగం," అంది. "ఆ రాత్రి పైన నేనూ విన్నాను. పిల్లాడు జడుసుకుంటాడని చెప్పలేదు."